కనీస వేతనాల సలహా మండలికి టైమ్ ఆఫీస్ నుంచి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ కనీస వేతనాల సలహా మండలి చైర్మన్ గారికి, సభ్యులందరికీ నమస్కారం.

నేను జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ఇంజనీరింగ్ కంపెనీ టైమ్ ఆఫీస్‌లో పనిచేస్తున్నాను. హాజరు పట్టీ, ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క, అడ్వాన్సులు, పీఎఫ్, ఈఎస్‌ఐ, నెలాఖరున జీతాల బిల్లు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. అంతకుముందు బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపుల్లో ఇదే పని చేశాను. యూనియన్ తరఫునా, యజమానుల తరఫునా ఈ ఉత్తరం రాయడం లేదు. మెషిన్ దగ్గర నిలబడే మనిషికీ, అతని చేతికొచ్చే జీతానికీ మధ్య నడిచే కాగితాలను రోజూ చూస్తాను కాబట్టి, ఆ కాగితాల్లో కనిపించేది మీ ముందు పెడుతున్నాను. ఏ కంపెనీ పేరూ రాయను. ఇందులో చెప్పేవి ఒక్క గేటు లోపల జరిగేవి కావు.

ఇంజనీరింగ్ పరిశ్రమకు మీరు ఎంత వేతనం సిఫార్సు చేస్తారా అని అందరూ చూస్తున్నారు. నేను అడిగేది ఆ అంకె గురించి తక్కువ, అది ఎవరికి ఎలా వర్తిస్తుందన్న దాని గురించి ఎక్కువ. మనిషి మెషిన్ దగ్గర ఏ పని చేస్తున్నాడో దాన్ని బట్టే అతని వేతనం తేలాలి. అతని పేరు కంపెనీ రిజిస్టర్‌లో ఉందా, కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో ఉందా, ట్రైనీల జాబితాలో ఉందా అన్న దాన్ని బట్టి జీతం మారిపోయే దారి ఇప్పుడు తెరిచి ఉంది. మీ సిఫార్సు ఆ దారిని మూసేయాలి.

ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో, అది ఏ పనులకు వర్తిస్తుందో చెప్పే షెడ్యూళ్ళు ఉండేవి. మనం 'మెటల్ ఫౌండ్రీలు, జనరల్ ఇంజనీరింగ్' పద్దు కింద వచ్చేవాళ్ళం. ఆ నాలుగింటిలో ఒకటైన వేతనాల కోడ్‌లో ఆ షెడ్యూళ్ళు లేవు. కనీస వేతనం అన్ని పనులకూ వర్తిస్తుంది. దాన్ని ప్రధానంగా నైపుణ్యాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి, పనిలో ఉండే వేడి, తేమ, ప్రమాదం లాంటి కష్టాన్ని బట్టి నిర్ణయిస్తారు. కాబట్టి నైపుణ్యాన్ని ఎలా కొలుస్తారన్న దాని మీదే ఇక అంతా ఆధారపడి ఉంటుంది. ఆ కొలత మీ దగ్గర తయారు కావాలి.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ పని ఎలా పెరిగిందో మీకు తెలిసిందే. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ కంపెనీలు మొదలయ్యాయి. 1960లలో ప్రభుత్వరంగ సంస్థలైన బీహెచ్‌ఈఎల్, హెచ్‌ఏఎల్, హెచ్‌ఎంటీ, ఈసీఐఎల్ వచ్చాయి. తర్వాత ఎన్‌ఎఫ్‌సీ, బీడీఎల్, మిధాని వచ్చాయి. వాటికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న యూనిట్లతో బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, చర్లపల్లి నిండిపోయాయి. టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ 1968లో బాలానగర్‌లోనే మొదలైంది. రాకెట్లకూ, క్షిపణులకూ వెళ్ళే భాగాలు ఇక్కడి షెడ్లలోనే తయారవుతున్నాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ పెద్ద కంపెనీల్లో పర్మనెంట్ వర్కరు, గ్రేడు, డీఏ, నాలుగైదేళ్ళకోసారి వేతన ఒప్పందం అనే పద్ధతి ఉండేది. పని బయటి షెడ్లకు వచ్చింది. ఆ పద్ధతి మాత్రం దాని వెంట రాలేదు.

ఇవాళ ఉదయం షిఫ్టుకు గేటు లోపలికి వచ్చేవాళ్ళను చూడండి. పర్మనెంట్ వాళ్ళు ఎక్కువగా నలభై, యాభై దాటినవాళ్ళు. మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి, అటు శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఐటీఐ చదువుకుని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మెషిన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టర్లు, టూల్‌రూమ్ ఫిట్టర్లు, మెయింటెనెన్స్ వాళ్ళు వీళ్ళలోనే ఎక్కువ. ఒకరు రిటైరైతే ఆ పోస్టులోకి పర్మనెంట్‌గా ఎవరూ రారు, కాంట్రాక్టులో ఒకరు వస్తారు. కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహాన్ని కోసే సీఎన్‌సీ, వీఎంసీ మెషిన్లు నడిపేవాళ్ళు చాలామంది ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు. షాపూర్‌నగర్, చింతల్, జగద్గిరిగుట్ట వైపు ఒక్క గదిలో నలుగురైదుగురు కలిసి ఉంటారు. వీళ్ళు కాంట్రాక్టర్ మనుషులు. ఆ తర్వాత డిప్లొమా, ఐటీఐ అయిన ట్రైనీలు. ఆ తర్వాత చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌లు. ఇక పీసుల అంచులు శుభ్రం చేసే డీబరింగ్, ఇన్‌స్పెక్షన్, ప్యాకింగ్ బల్లల దగ్గర ఆడవాళ్ళు. పెద్ద ఆర్డరు వచ్చిన నెలలో రోజుకూలీకి వచ్చేవాళ్ళు వేరే.

దేశమంతటా ఇదే తీరు. కేంద్రం ఏటా చేసే పరిశ్రమల సర్వేలో, ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్ళ వాటా 2000-01లో పావు వంతు కంటే తక్కువ. 2022-23 నాటికి అది 40 శాతం దాటింది. అదనపు పని వచ్చినప్పుడు నాలుగు నెలలు మనుషులను తెచ్చుకోవడానికి పుట్టిన పద్ధతి, రోజువారీ ఉత్పత్తిని మోసే పద్ధతిగా మారిపోయింది.

ఇప్పుడు ఒక వరుసలో ఉన్న మూడు వీఎంసీల దగ్గరికి రండి. మూడింటి మీదా ఒకే జాబ్, ఒకే డ్రాయింగ్, 20 మైక్రాన్ల టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా). మొదటి మెషిన్ మీద పర్మనెంట్ వర్కరు, రెండో దాని మీద కాంట్రాక్టు ఆపరేటరు, మూడో దాని మీద రెండేళ్ళుగా ట్రైనీ అని పిలిపించుకుంటున్న కుర్రాడు ఉంటారు. ముగ్గురూ పీసు ఎక్కిస్తారు, రంధ్రం సైజు చూసే బోర్‌గేజ్‌తో కొలుస్తారు. లోహాన్ని కోసే ఇన్‌సర్ట్ అరిగి సైజు జారుతోందని కనిపెట్టి మెషిన్‌లో ఆఫ్‌సెట్ (టూల్ కొలత సవరణ) మారుస్తారు. బయటికొచ్చే పీసులో తేడా లేదు, ఎవరు తీశారో ఇన్‌స్పెక్షన్‌లో ఎవరూ చెప్పలేరు. జీతంలో మాత్రం మొదటి మనిషికీ మూడో మనిషికీ రెట్టింపు తేడా ఉన్న బిల్లులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. రెండో మనిషి కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో ఏమని నమోదై ఉంటాడో తెలుసా? 'హెల్పర్, అన్‌స్కిల్డ్.' అలా రాస్తే అట్టడుగు రేటు చాలు. లేబర్ ఆఫీసరు తనిఖీకి వస్తే రిజిస్టర్ చూస్తారు, అందులో అన్‌స్కిల్డ్ రేటు సరిగ్గానే చెల్లించినట్టు ఉంటుంది. కాగితం మీద చట్టం అమలైనట్టే. మెషిన్ దగ్గర మాత్రం కాలేదు.

దీనికి మందు మీ చేతిలో ఉంది. హోదాల పేర్లతో జాబితా ఇస్తే ఆ పేర్లు మార్చేస్తారు. చేసే పనితో నిర్వచనం ఇవ్వండి. పీసు ఎక్కించి, దించి, స్టార్ట్ బటన్ నొక్కడం వరకే అయితే సెమీస్కిల్డ్. డ్రాయింగ్ చదివి, మైక్రోమీటరుతోనో గేజ్‌తోనో కొలిచి, తనే ఆఫ్‌సెట్ సరిచేస్తే స్కిల్డ్. ఖాళీ మెషిన్ మీద పీసును పట్టి ఉంచే ఫిక్స్చర్ కట్టి, టూల్స్ పెట్టి, మొదటి పీసు ఓకే చేయించగలిగితే హైస్కిల్డ్. ప్రోగ్రాం రాసేవాళ్ళూ, కొలతలు తీసే సీఎంఎం మెషిన్ మీద ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ళూ అందులోకే వస్తారు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద తనిఖీ కూడా అక్కర్లేదు. ఒక్కో పని వివరాలు రాసే ప్రతి జాబ్‌కార్డు మీద ఆపరేటరు సంతకం ఉంటుంది, మొదటి పీసు రిపోర్టు మీద సెట్టర్ సంతకం ఉంటుంది. నాణ్యత సర్టిఫికెట్ కోసం కంపెనీలు ఈ కాగితాలను ఏళ్ళ తరబడి భద్రంగా దాస్తాయి. కస్టమర్ ఆడిట్‌లో "మా ఆపరేటర్లందరూ స్కిల్డ్" అని, ఎవరికి ఏ పని వచ్చో చూపే స్కిల్ మ్యాట్రిక్స్ పట్టికను గోడకు అంటించి చూపిస్తాయి. అదే మ్యాట్రిక్స్‌ను జీతాల బిల్లు పక్కన పెట్టమని మీ నోటిఫికేషన్‌లో ఒక్క వాక్యం చేర్చండి. వేతనాల కోడ్ 11వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి రెండు రకాల పనులు చేస్తే ఏ పని చేసిన గంటలకు ఆ రేటు ఇవ్వాలి. సగం షిఫ్టు సామాను మోసి, సగం షిఫ్టు మెషిన్ నడిపే 'హెల్పర్'కు ఈ సెక్షన్ వర్తిస్తుందని మా ఏరియాలో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆడవాళ్ళ విషయం దీనికంటే అన్యాయం. డీబరింగ్ అంటే మెషినింగ్ అయ్యాక అంచుల్లో, అడ్డరంధ్రాల్లో మిగిలే సన్నటి బర్‌ను తీయడం. హైడ్రాలిక్ వాల్వ్ బాడీ లోపల రెండు రంధ్రాలు కలిసే చోట వెంట్రుకంత బర్ మిగిలినా, అది ఊడి నూనెలో కలిసి వాల్వ్‌ను పట్టేస్తుంది. దాన్ని సూది ఆకురాయితో, లెన్స్ పెట్టుకుని, సీటింగ్ మీద గీత పడకుండా తీయాలి. ఇది చేతికి రావడానికి నెలలు పడుతుంది. చేతికి వచ్చినవాళ్ళు మానేస్తే ఆ వారం రిజెక్షన్లు పెరుగుతాయి, అది మాకు లెక్కల్లో కనిపిస్తుంది. అయినా డీబరింగ్ బల్ల మొత్తం హెల్పర్ల పద్దులోనే ఉంటుంది. మగవాళ్ళు చేసే బెంచ్ ఫిట్టింగ్ స్కిల్డ్, ఆడవాళ్ళు చేసే డీబరింగ్ అన్‌స్కిల్డ్. ఒకే రకమైన పనికి ఆడ, మగ తేడాతో వేతనం మారకూడదని 1976 నుంచి చట్టం ఉంది, కోడ్‌లోనూ ఉంది. ఇక్కడ తేడా రేటులో కనిపించదు. పనికి పెట్టిన పద్దులోనే ఉంది, అందుకే ఎవరూ పట్టుకోలేకపోతున్నారు. రాష్ట్ర సలహా మండలిలో మూడో వంతు మహిళలు ఉండాలని కోడ్ చెబుతోంది. ఆ సభ్యులు ఒక్క పూట ఒక డీబరింగ్ బల్ల దగ్గర కూర్చుని చూస్తే, ఆ పనిని ఏ పద్దులో వేయాలో నాకంటే బాగా చెబుతారు.

ట్రైనీల గురించి కొంచెం. అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థ మొత్తం మనుషుల్లో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వాళ్ళకు కాంట్రాక్టు రిజిస్ట్రేషన్, సిలబస్, నిర్ణీత కాలం, చివర్లో సర్టిఫికెట్ ఉంటాయి. అది మంచి ఏర్పాటు. నేను చెప్పేది ఏ చట్టంలోనూ లేని 'ట్రైనీ' గురించి. రిజిస్ట్రేషన్ లేదు, సిలబస్ లేదు, నేర్పే మనిషి లేడు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా మెషిన్ నడుపుతాడు, ఇచ్చేది మాత్రం స్టైపెండ్. అప్రెంటిస్‌గా నమోదు కాని ట్రైనీ ఎవరైనా వర్కరే, అతను చేసే పనికున్న కనీస వేతనం అతనికి రావాల్సిందే అని మీ సిఫార్సులో సూటిగా రాయండి.

ఇక జీతం లెక్కకట్టే పద్ధతుల దగ్గరికి వస్తాను. ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే.

చిన్న షెడ్లలో, ముఖ్యంగా వేరే కంపెనీలకు పని చేసిపెట్టే జాబ్‌వర్క్ చోట, పీసుల లెక్కన జీతమిచ్చే పీస్ రేటు బాగా నడుస్తుంది. పనిమంతుడికి పీస్ రేటు లాభమే అంటారు. మెషిన్ ఆగకుండా నడిస్తే నిజమే. ఒక పంపు బాడీ క్యాస్టింగ్ తీసుకోండి. ఫేసింగ్, బోరింగ్, డ్రిల్లింగ్, ట్యాపింగ్ చేస్తే పీసుకు ఇంత అని రేటు. ముప్పై పీసుల లాట్ వచ్చింది. సెట్టింగుకే రెండు గంటలు పోతాయి, దానికి రేటు లేదు. కరెంటు పోతే ఆగాలి. ఇన్‌సర్టులు అయిపోతే స్టోర్ నుంచి వచ్చేదాకా ఆగాలి. మొదటి పీసు చెక్ చేసే ఇన్‌స్పెక్టరు వేరే పనిలో ఉంటే ఆగాలి. ఈ ఆగిన గంటలన్నీ వర్కరు ఖాతాలోకే పోతాయి. ఇంకా ఘోరం ఏంటంటే, బోరింగ్ దాదాపు పూర్తయ్యాక లోపల బ్లోహోల్, అంటే గాలి బుడగ వల్ల ఏర్పడిన గుంట, బయటపడుతుంది. అది ఫౌండ్రీలో పోత పోసినప్పుడు వచ్చిన లోపం. ఆ పీసు మీద ముప్పావు గంట పనిచేసిన మనిషికి అందులో ఏ తప్పూ లేదు. కంపెనీ ఆ పీసును క్యాస్టింగ్ రిజెక్షన్ కింద రాసి ఫౌండ్రీకి వాపసు పంపి డబ్బు రాబట్టుకుంటుంది. వర్కరుకు మాత్రం "ఓకే అయిన పీసులకే రేటు" అంటుంది. పీసులు తగ్గి, నెల తిరిగేసరికి కనీస వేతనం కూడా రానివాళ్ళ కార్డులు నేను చూశాను.

చట్టం ఇందులో గందరగోళంగా లేదు. పీస్ రేటు మీద పనిచేసినా, పనిచేసిన సమయాన్ని బట్టి ఇచ్చే టైమ్ రేటు లెక్కన కనీస వేతనం అందాల్సిందేనని కోడ్ చెబుతోంది. పనికి వచ్చిన మనిషి తన ఇష్టంతో మానేస్తే తప్ప, యజమాని పని చూపించలేకపోయిన కారణంగా తక్కువ గంటలు పనిచేసినా, పూర్తి రోజు వేతనం ఇవ్వాలనీ చెబుతోంది. నష్టానికి కోత పెట్టాలంటే అది ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, అతను చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలి. ఇవన్నీ పాత చట్టాల్లోనూ ఉన్నాయి. లేనిది ఏంటంటే, ఆగిన గంటల రికార్డు. పీస్ రేటు కార్డులో పీసుల సంఖ్య ఒక్కటే ఉంటుంది, గంటలు ఉండవు. గంటలు లేనప్పుడు టైమ్ రేటుతో ఎలా పోల్చాలి? అందుకే అడుగుతున్నాను: పీస్ రేటు పెట్టిన చోట జాబ్‌కార్డు మీద స్టాండర్డ్ టైమ్, సెట్టింగ్ టైమ్, ఆగిన సమయం, ఆగిన కారణం రాయడం తప్పనిసరి చేయండి. సెట్టింగుకూ, ఆగిన సమయానికీ టైమ్ రేటు ఇవ్వాలి. క్యాస్టింగ్ లోపం వల్ల పోయిన పీసుకు మంచి పీసుకిచ్చే రేటే ఇవ్వాలి.

పీస్ రేటులో ఇంకో జబ్బు ఉంది. ఒక ఆపరేటరు తెలివిగా టూల్ పాత్ మార్చి, ఫీడ్ సర్దుకుని, షిఫ్టుకు ఇరవై పీసులు వచ్చే చోట ఇరవై ఎనిమిది తీశాడనుకోండి. మూడో వారానికల్లా "ఈ జాబ్ సులువే కదా" అని రేటు తెగ్గోస్తారు. మళ్ళీ ఇరవై ఎనిమిది తీసినా పాత జీతమే. ఇది ఒకసారి చూసిన షెడ్డులో ఇక ఎవరూ తమకు చేతనైనంత తీయరు. కొత్త కుర్రాడు వేగంగా తీస్తుంటే పాతవాళ్ళే చెయ్యి పట్టుకుని ఆపుతారు. దీని నష్టం యజమానికే ఎక్కువ. పాలిటెక్నిక్ పిల్లలు పరీక్ష కోసం చదివే హాల్సీ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. జాబ్‌కు 8 గంటలు స్టాండర్డ్ అనుకుందాం, మనిషి 6 గంటల్లో చేశాడు. ఆరు గంటల జీతం ఖాయం, మిగిల్చిన రెండు గంటల్లో సగం, అంటే ఒక గంట జీతం అదనం. ఎనిమిది గంటలు పట్టినా జీతం తగ్గదు. యజమానికి మెషిన్ రెండు గంటలు మిగిలింది. ఇలాంటి ఇన్సెంటివ్ పెట్టుకోవడం, మానుకోవడం కంపెనీల ఇష్టం. కానీ ఒకసారి ఒప్పుకున్న స్టాండర్డ్ టైమ్‌ను మెషినో, టూలో, పద్ధతో కంపెనీ ఖర్చుతో మారితే తప్ప మార్చకూడదన్న నియమం మీరు సూచించవచ్చు.

ఓటీ సంగతి అంకెలతోనే చెబుతాను. ఉదాహరణకు నెలకు 15,600 రూపాయలు, 26 పని దినాలు అనుకోండి. రోజుకు 600, గంటకు 75. ఓటీకి రెట్టింపు ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న మాట, కోడ్‌లోనూ అదే. గంటకు 150 చొప్పున నెలలో 40 గంటల ఓటీకి 6,000 రావాలి. మా దగ్గర 'సింగిల్ ఓటీ' అని ఒక మాట చలామణిలో ఉంది. అంటే గంటకు 75, మొత్తం 3,000. కొన్నిచోట్ల ఆ సింగిల్ కూడా పూర్తి జీతం మీద కట్టరు. జీతాన్ని బేసిక్ 7,800, మిగతాది హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ (ప్రయాణ భత్యం) అని చీల్చి బేసిక్ మీదే కడతారు. గంటకు 37 రూపాయల 50 పైసలు, మొత్తం 1,500. ఆరు వేలు రావాల్సిన చోట పదిహేను వందలు. మిగిలిన నాలుగున్నర వేలు ఎటు పోయాయో ఆ కుర్రాడికి తెలియదు, ఎందుకంటే ఓటీ డబ్బు కవర్‌లో పెట్టి విడిగా ఇస్తారు, స్లిప్పులో కనిపించదు. స్లిప్పులో లేదు కాబట్టి ఓటీ గంటలు రిజిస్టర్‌లోనూ లేవు, ఈఎస్‌ఐ లెక్కలోనూ లేవు. పన్నెండో గంటలో ప్రెస్ కింద వేలు పోతే, ఆ సమయంలో అతను అసలు డ్యూటీలోనే లేడన్నట్టు ఉంటుంది కాగితం. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

కోడ్‌లో వేతనం నిర్వచనం మారింది. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ లాంటివి వేతనంలోకి రావు, అవన్నీ కలిపి సగం దాటితే దాటినంత వేతనంగానే లెక్క. ఇది పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి మేలు చేస్తుంది. అయితే సగం దాకా చీల్చుకునే వీలు మిగిలే ఉంది కాబట్టి, ఓటీ లెక్కకు తీసుకునే వేతనం, ఆ పనికి ప్రకటించిన కనీస వేతనం కంటే ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గకూడదని మీరు విడిగా రాయాలి. ఓటీ గంటలూ, ఓటీ డబ్బూ స్లిప్పు మీదే ఉండాలనీ రాయాలి.

కాంట్రాక్టర్ల దగ్గర జీతం ఎప్పుడొస్తుందన్నదే పెద్ద టెన్షన్. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మానేసిన మనిషికి రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. "కంపెనీ బిల్లు పాస్ కాలేదు" అంటూ కాంట్రాక్టర్ 18వ తేదీ, 20వ తేదీ అంటాడు. ఆలోపు గది అద్దె, ఊరికి పంపాల్సిన డబ్బు ఆగవు కాబట్టి కుర్రాడు అదే కాంట్రాక్టర్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. ఇక అతను మానేయలేడు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ఆ సంస్థ యజమానే ఇవ్వాలని కోడ్‌లో ఉంది, 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలోనూ ఉండేది. కేంద్ర చట్టంలో 20 మంది నుంచి కాంట్రాక్టర్‌కు వర్తించే నిబంధనలు కొత్త కోడ్‌లో 50 మంది నుంచి వర్తిస్తాయి. మా ఏరియాలో ఒక్కో కాంట్రాక్టర్ దగ్గర పదిహేను, ఇరవై మందే ఉంటారు. అంటే చాలామంది కాంట్రాక్టర్లు లైసెన్సు అవసరం లేకుండా బయటే ఉండిపోతారు. అందుకే జీతం బాధ్యత యజమానిదేనన్న మాట గేటు దగ్గర నోటీసు బోర్డు మీద ఉండాలి, ఫిర్యాదు చేయాల్సిన లేబర్ ఆఫీసు నంబరుతో సహా.

చిన్న యజమానుల కష్టం నేను చూడనిది కాదు. నాలుగు మెషిన్లు అప్పు మీద పెట్టుకున్న మనిషికి పెద్ద కంపెనీ ఇచ్చే మెషిన్ గంట రేటు ఏళ్ళ తరబడి మారదు. 45 రోజుల్లో చెల్లించాలని చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతున్నా, బిల్లు మూడు నెలలు ఆగుతుంది. కొనుగోలుదారుడి మీద కేసు వేస్తే తర్వాతి ఆర్డరు రాదు. యజమానుల ప్రతినిధులు మీ ముందు "మాకు స్తోమత లేదు" అంటే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ కట్టలేకపోవడం కనీస వేతనం ఇవ్వకుండా ఉండడానికి కారణం కాదని సుప్రీంకోర్టు 1954లోనే బిజయ్ కాటన్ మిల్స్ కేసులో తేల్చింది. ఆ నష్టం పైకి వెళ్ళాలి, కిందికి దిగకూడదు. జాబ్‌వర్క్ ఇచ్చే పెద్ద కంపెనీల కొనుగోలు విభాగాలను, ముఖ్యంగా ప్రభుత్వరంగ సంస్థలను, మీరు విచారణకు పిలవండి. కనీస వేతనం పెరిగినప్పుడల్లా మెషిన్ గంట రేటు సవరిస్తున్నారా అని అడగండి. కరువు భత్యం ఏటా రెండుసార్లు మారుతుంది, వాళ్ళ రేటు కాంట్రాక్టులో మాత్రం ఆ మార్పుకు చోటే ఉండదు.

ఫౌండ్రీలు, ఫోర్జింగ్ షాపుల గురించి నాకు తెలిసింది తక్కువ. కొలిమి ముందు పనిచేసేవాళ్ళకూ, పోత ముక్కల మీద మిగిలినది అరగదీసే ఫెట్లింగ్ దుమ్ములో గ్రైండర్ పట్టేవాళ్ళకూ కష్టాన్ని బట్టి అదనం ఇవ్వడానికి కోడ్ దారి తెరిచింది, దాన్ని వాడండి అని మాత్రం అడుగుతాను.

అంకె గురించి కూడా రెండు మాటలు. 1957 నాటి భారత కార్మిక సదస్సు ఒక కుటుంబానికి తిండి, బట్ట, అద్దె, ఇంధనం ఎలా లెక్కకట్టాలో చెప్పింది. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం లాంటి వాటికి 25 శాతం కలపమంది. ఆ లెక్కనే కట్టండి, కానీ అద్దె అంకెను చింతల్‌లో, షాపూర్‌నగర్‌లో ఒక గదికి నిజంగా ఎంత అడుగుతున్నారో కనుక్కుని వేయండి. అంకె తేలాక గెజిట్ దాకా తీసుకెళ్ళండి. 2021 జూన్‌లో కొన్ని రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ ఐదు జీవోలు వచ్చినా గెజిట్‌లో ప్రచురించకపోవడంతో విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. ఐదేళ్ళకు మించకుండా సవరించాలని చట్టం అంటున్నప్పుడు, సిద్ధమైన అంకె ఫైల్లో ఉండిపోతే దాని నష్టం నెలనెలా వర్కరే భరిస్తాడు.

చివరగా ఒక విన్నపం. మీ విచారణలు ఆఫీసు వేళల్లో, ఆఫీసు గదుల్లో జరిగితే, ఒక రోజు జీతం వదులుకుని అక్కడికి వచ్చే ఆపరేటరు ఉండడు. బాలానగర్‌లో ఒకటి, జీడిమెట్లలో ఒకటి, చర్లపల్లిలో ఒకటి ఆదివారం పూట పెట్టండి. తెలుగుతో పాటు హిందీ, ఒడియా తెలిసినవాళ్ళను కూర్చోబెట్టండి. వచ్చినవాళ్ళ పేరు, కంపెనీ పేరు రాయించుకోకండి, చేసే పని, చేతికొచ్చే జీతం, ఓటీ గంటలు మాత్రం రాసుకోండి. టైమ్ ఆఫీసుల్లో పనిచేసే మాలాంటి వాళ్ళనూ పిలవండి. పేరు బయటపడదన్న హామీ ఉంటే, పీస్ రేటు కార్డు ఎలా చదవాలో, ఓటీ కవర్ లెక్క ఎక్కడ దొరుకుతుందో మీ అధికారులకు దగ్గరుండి చూపిస్తాను. నాలాగే చూపించేవాళ్ళు ఈ పారిశ్రామికవాడలో ఇంకా ఉన్నారు.

ఇట్లు,
ఒక టైమ్ ఆఫీస్ ఉద్యోగి,
జీడిమెట్ల, హైదరాబాద్